వలకు చిక్కిన డ్రోను, ఇంట్లో మిగిలిన మెమరీ కార్డు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కళింగపట్నం దగ్గర మీ పెదనాన్నగారి బోటు వలలో నారింజ రంగు రెక్కల యంత్రం ఒకటి పడిందనీ, ఒడ్డుకు లాక్కొచ్చాక కుర్రాళ్లు దాని మూత విప్పి చూశారనీ, మర్నాడు మెరైన్ పోలీసులు వచ్చి పట్టుకెళ్లారనీ రాశావు. సైన్యం డ్రోను శత్రువుకు చిక్కితే నిజంగా అంత నష్టమా, ఎగురుతున్న డ్రోనును హ్యాక్ చేసి దించడం సాధ్యమేనా అని అడిగావు. చివర్లో మాటవరసకు అన్నట్టు ఇంకో సంగతి చెప్పావు. ఆ కుర్రాళ్లలో ఒకడు పీకిన గోరంత మెమరీ కార్డు ఇప్పటికీ మీ ఇంట్లోనే ఉందట. దాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టి చూడవచ్చా అన్నావు.

చూడవద్దు. ముందు దాన్ని ఒక చిన్న డబ్బాలో పెట్టి, పిల్లల చేతికి అందని చోట ఉంచు. ఆ తరువాత ఈ జవాబు చదువు. నీ మొదటి రెండు ప్రశ్నల సంగతి తెలిస్తే ఎందుకు వద్దంటున్నానో నీకే అర్థమవుతుంది.

నాది బారువ దగ్గర ఊరు. మా నాన్న వేటకు వెళ్లేవారు. నేను నౌకాదళంలో చేరి, విమానాల ఎలక్ట్రానిక్ పరికరాలు చూసే పనిలో ఇరవై రెండేళ్లు గడిపాను. ఇప్పుడు విజయనగరంలో పొలాలకు మందు కొట్టే డ్రోన్లు బాగుచేస్తున్నాను. ఉద్యోగంలో నా కంటపడిన రహస్యాలేవీ ఇక్కడ రాయను. కింద చెప్పేవన్నీ లోకానికి తెలిసినవే.

మీకు దొరికింది చాలావరకు లక్ష్య డ్రోను అయి ఉండాలి. గగనతల రక్షణ దళాలు గురి సాధన చేయడానికి ఆకాశంలో ఎగరేసే యంత్రం అది. మన రక్షణ పరిశోధన సంస్థ తయారుచేసిన 'లక్ష్య', 'అభ్యాస్' ఈ కోవలోవే. మనకు ఉత్తరాన ఒడిశాలోని చాందీపూర్‌లో క్షిపణి పరీక్షల కేంద్రం ఉంది, దక్షిణాన విశాఖలో తూర్పు నౌకాదళం ఉంది. ఈ రెంటి మధ్య తీరం మనది. సముద్రంలో పడినవాటిని వెతికి పట్టుకోవడానికి వీలుగా కొట్టొచ్చే రంగు వేస్తారు. అలాంటి దానిలో పెద్ద రహస్యమేమీ ఉండకపోవచ్చు. అయితే నీళ్లలో తేలుతున్నది ఏమిటో బోటులో ఉన్నవారికి ఎలా తెలుస్తుంది? రెక్కలు ఉన్నంత మాత్రాన అది గురి సాధనదే అనుకోలేం. లోపల పేలే పదార్థం ఉండవచ్చు. ఉప్పునీరు తాగిన లిథియం బ్యాటరీ ఒడ్డుకు వచ్చిన గంట తరువాతైనా భగ్గుమనవచ్చు. కుర్రాళ్లు మూత విప్పారన్న మాట చదివినప్పుడు నా గుండె ఝల్లుమంది. వాళ్లకేమీ కానందుకు గంగమ్మ తల్లికి దండం పెట్టుకోమను.

ఇక అసలు సంగతికి వస్తాను. డ్రోను చిక్కిందంటే అందరూ దాని రెక్కలు, ఇంజను, కెమెరా గురించే ఆలోచిస్తారు. శత్రువు దాన్ని చూసి అలాంటిదే తయారుచేస్తాడని భయపడతారు. ఆ భయం అబద్ధం కాదు కానీ అది రెండో భయం. మొదట భయపడవలసింది దాని జ్ఞాపకం గురించి.

నాకు ఇది బాగా తెలిసివచ్చింది సైన్యపు డ్రోనుతో కాదు, మందు కొట్టే డ్రోనుతోనే. కిందటేడు ఒక రైతు సెకండ్ హ్యాండ్‌లో కొన్న డ్రోను మరమ్మతుకు తెచ్చాడు. మోటారు ఎందుకు ఆగిపోతోందో తెలుసుకోవడానికి దాని లాగ్ తెరిచాను. లాగ్ అంటే అది ఎగిరిన ప్రతిసారీ తనకు తాను రాసుకునే చిట్టా. పాత యజమాని అమ్మేముందు అంతా తుడిచేశాననుకున్నాడు. ఏమీ తుడుచుకుపోలేదు. గజపతినగరం వైపు ఏ పొలంలో ఏ రోజు ఎన్ని గంటలకు ఎగిరిందో, ఎంత ఎత్తులో తిరిగిందో, ప్రతి సాయంత్రం ఎక్కడికి తిరిగి చేరిందో అంతా ఉంది. ఆ చేరిన చోటును పటంలో పెడితే ఒక ఇంటి పెరడు కనిపించింది. ఆ మనిషిని నేను ఎన్నడూ చూడలేదు. అయినా అతని ఇల్లు, పొలాలు, పని వేళలు, ఏ రోజుల్లో ఊళ్లో లేడో కూడా నాకు తెలిసిపోయాయి. వెంటనే ఆ ఫైళ్లు సరిగ్గా చెరిపేసి రైతుకు ఇచ్చాను.

ఇప్పుడు ఆ పెరడు స్థానంలో సరిహద్దు దగ్గర సైనికులు డ్రోను ఎగరేసే చోటు ఉందనుకో. కూలిన డ్రోనులోని చిట్టా చూసి, అది బయలుదేరిన చోటుకు శత్రువు గంటలోపే ఫిరంగి గుండు పంపగలడు. ఉక్రెయిన్ యుద్ధంలో రెండు పక్షాలూ చిక్కిన డ్రోన్ల కార్డులు పీకి చూసేది ముందుగా ఇందుకే. బజారులో దొరికే చైనా కంపెనీ డ్రోన్లు కొన్ని, కూలకముందే గాలిలో నుంచి తమ చోటునూ, నడిపేవాడి చోటునూ రేడియోలో చెబుతూ పోతాయి. ఆ సమాచారానికి గూఢలిపి రక్షణ లేదని జర్మనీలోని బోఖుమ్ రూర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో విప్పి చూపించారు.

సైన్యపు డ్రోను జ్ఞాపకంలో దారి ఒక్కటే ఉండదు. అది చూడమని పంపిన చోట్ల పట్టిక ఉంటుంది. ఆ పట్టిక చేతికి వస్తే మనం వాళ్ల గురించి ఏమి తెలుసుకోవాలనుకుంటున్నామో, ఏమి ఇప్పటికే కనిపెట్టామో వాళ్లకు తెలుస్తుంది. ఏ తరంగాల మీద మాట్లాడుతుందో, ఒక తరంగం మీద ఇబ్బంది వస్తే ఏ వరుసలో మరోదానికి మారుతుందో ఉంటుంది. సంబంధం తెగిపోతే ఏమి చేయాలో ముందే రాసిపెట్టిన ఆదేశం ఉంటుంది: అక్కడే తిరగాలా, వెనక్కి రావాలా, దిగిపోవాలా. ఈ ఒక్కటి తెలిసినవాడు రేపు మరో డ్రోను సంబంధం తెంపి, అది ఏ దారిన వెనక్కి వస్తుందో ఆ దారిలో కాచుకుని ఉండగలడు.

అన్నింటికన్నా సున్నితమైనవి తాళంచెవులు. డ్రోనుకూ నేల మీది కేంద్రానికీ మధ్య సాగే మాటలను గూఢలిపిలోకి మార్చే అంకెలను మేము అలాగే పిలుస్తాం. ఊళ్లో ప్రతి ఇంటికీ ఒకే తాళం వేసి, ఒకే రకం చెవి పంచారనుకో. ఒక్క చెవి పోతే ఊరంతా తలుపులు తెరుచుకున్నట్టే. డ్రోన్ల దళానికంతటికీ ఒకే చెవి పెడితే జరిగేది అదే. అందుకే బాగా ఆలోచించి కట్టిన వ్యవస్థలో ప్రతి డ్రోనుకూ వేరే చెవి, ప్రతి ప్రయాణానికీ కొత్త చెవి ఉంటుంది. కరెంటు పోతే అదీ పోయే రకం మెమరీలో దాన్ని ఉంచుతారు. మూత విప్పినా, దూరం నుంచి ఆదేశం వచ్చినా తనను తాను చెరిపేసుకునే ఏర్పాటు చేస్తారు. ఇదంతా ఖర్చుతో కూడిన పని. తొందరలో, తక్కువ ధరకు వేల సంఖ్యలో డ్రోన్లు కొనేటప్పుడు ముందుగా వదిలేసేది కూడా దీన్నే. అది నాకు నిజంగా ఆందోళన కలిగించే విషయం.

2023 మార్చి 14న నల్ల సముద్రం మీద రష్యా యుద్ధ విమానం ఒకటి అమెరికా రీపర్ డ్రోను ప్రొపెల్లరును తాకింది. డ్రోను సముద్రంలో పడింది. శకలాల కోసం రష్యన్లు అక్కడికి చేరుకున్నారు. అమెరికా అధికారులు డ్రోను ధర గురించి పెద్దగా మాట్లాడలేదు. దాని లోపలి సున్నితమైన సాఫ్ట్‌వేర్‌ను పడేలోపే దూరం నుంచి చెరిపేశామని చెప్పుకున్నారు. అంతమంది కళ్లు రెక్కల మీద ఉన్నప్పుడు వాళ్ల తాపత్రయం దేని గురించో గమనించు.

మనకూ ఇలాంటివి జరిగాయి. 2017 డిసెంబరులో సిక్కిం వైపు మన హెరాన్ డ్రోను ఒకటి నేల కేంద్రంతో సంబంధం తెగిపోయి చైనా వైపు వెళ్లి కూలింది. 2024 ఆగస్టు 23న రాజౌరీ దగ్గర భీంబర్ గలీ వద్ద శిక్షణలో ఉన్న చిన్న డ్రోను అదుపు తప్పి నియంత్రణ రేఖ అవతలి నికియాల్ వైపు పోయింది. దాన్ని తిరిగి ఇవ్వమని మన సైన్యం హాట్‌లైన్‌లో సందేశం పంపింది. అదే ఏడు సెప్టెంబరులో నౌకాదళం అద్దెకు తీసుకున్న సీ గార్డియన్ డ్రోను చెన్నై తీరానికి ఎదురుగా బంగాళాఖాతంలో దిగిపోవలసివచ్చింది. ఈ మూడింట్లోనూ సైన్యం చెప్పింది సాంకేతిక లోపమనే. హ్యాకర్ల పేరు ఎత్తకుండానే డ్రోన్లు పోతాయి తమ్ముడూ. అందుకే ఎగరేసే ప్రతి డ్రోనూ ఏదో ఒకరోజు పరాయివాడి బల్ల మీద విప్పి ఉంటుందని అనుకునే దాన్ని తయారుచేయాలి. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

ఇక హ్యాకింగ్. ఈ ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు పనులను కలిపేస్తున్నారు. వినడం, నోరు నొక్కడం, ఏమార్చడం, పగ్గాలు లాక్కోవడం. కష్టం కూడా ఇదే వరుసలో పెరుగుతుంది.

వినడానికి కొన్నిసార్లు తెలివి కూడా అక్కర్లేదు. ఇరాక్‌లో అమెరికా ప్రిడేటర్ డ్రోన్లు పంపే వీడియోను అక్కడి తిరుగుబాటుదారులు తమ ల్యాప్‌టాప్‌లలో చూస్తున్నారని 2009 డిసెంబరులో బయటపడింది. వాళ్లు వాడింది స్కైగ్రాబర్ అనే సాఫ్ట్‌వేర్. ఉపగ్రహం నుంచి వచ్చే ఇంటర్నెట్ ఫైళ్లను పట్టుకోవడానికి చేసిన దాని ధర 26 డాలర్లు. లక్షల డాలర్ల డ్రోను తాను చూస్తున్నదాన్ని గూఢలిపి లేకుండా పంపుతోంది. ఈ లోపం 1990ల బోస్నియా రోజుల నుంచీ అధికారులకు తెలుసు. అక్కడివాళ్లకు ఇది చేతకాదులే అనుకున్నారు. ఎదుటివాడికి చేతకాదన్న నమ్మకం మీద కట్టిన రక్షణను రక్షణ అనవచ్చా? డ్రోను తమ ఇంటిని చూస్తోందని తెలిసినవాడు ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకోడు. ఇంతకు మించి అతనికి హ్యాకింగ్ అవసరం లేదు.

నోరు నొక్కడం అంటే జామింగ్. గట్టిగా అరిచి ఎదుటివాడి మాట వినపడకుండా చేయడం లాంటిది. డ్రోనుకు ఆదేశాలు అందవు, దారి చూపే ఉపగ్రహ సంకేతం అందదు. ఉక్రెయిన్‌లో దీన్ని తట్టుకోలేకే సన్నని ఆప్టికల్ ఫైబర్ తీగను వెనక విప్పుకుంటూ పోయే డ్రోన్లు వచ్చాయి. గాలిపటం దారం లాగా తీగ వెంట ఉంటే రేడియోతో పనే లేదు.

ఏమార్చడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన బోట్లకూ సంబంధించిన విషయం. మీ పెదనాన్నగారి బోటులో ఉండే జీపీఎస్ పెట్టె సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలు వింటుంది. అంత దూరం నుంచి వచ్చేసరికి ఆ సంకేతం బలం ఒక వాట్‌లో కోటి కోట్ల వంతు కన్నా కూడా తక్కువ. పైగా అందరూ వాడే పౌర సంకేతానికి సంతకం లేదు, ముద్ర లేదు. అదే రూపంలో, కాస్త గట్టిగా దొంగ సంకేతం పంపితే పెట్టె దాన్నే నమ్ముతుంది. టెక్సస్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ టాడ్ హంఫ్రీస్ బృందం 2012 జూన్‌లో న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్‌లో అధికారుల ఎదుటే ఒక చిన్న హెలికాప్టర్ డ్రోనును ఇలా ఏమార్చి చూపించింది. మరుసటి ఏడు మధ్యధరా సముద్రంలో 65 మీటర్ల విలాస నౌకను, దాని యజమాని అనుమతితోనే, దారి మళ్లించింది. ఓడలో ఒక్క హెచ్చరిక గంటా మోగలేదు. తెర మీద గీత తిన్నగానే ఉంది, ఓడ మాత్రం పక్కకు పోతోంది.

సముద్రం మీద సరిహద్దు గీత కనిపించదన్న సంగతి మన జిల్లాల వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు 2018 చివరలో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర మన గడ్డ మీద కాలు పెట్టేదాకా ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో మనకు తెలుసు. గీత ఎటున్నదో తప్పుగా తెలిస్తే మనిషికి పట్టే గతి అది. మనిషి కనీసం నీటి రంగు చూస్తాడు, గాలి చూస్తాడు, చుక్కలు చూస్తాడు, అనుమానపడతాడు. ఉపగ్రహాన్ని తప్ప మరిదేన్నీ నమ్మడం నేర్పని యంత్రం అనుమానపడదు.

ఈ విషయంలో అందరూ చెప్పేది ఇరాన్ కథ. 2011 డిసెంబరు మొదట్లో అమెరికా రహస్య డ్రోను ఆర్‌క్యూ-170 సెంటినెల్ ఇరాన్ చేతిలో పడింది. పెద్దగా దెబ్బ తినకుండా ఉన్న దాన్ని డిసెంబరు 8న టీవీలో చూపించారు. సంబంధాలు తెంపి, జీపీఎస్‌ను ఏమార్చి, తన సొంత స్థావరమే అనుకునేలా చేసి దింపామని ఇరాన్ వైపు నుంచి కథనం వచ్చింది. అదుపు తప్పి పడిపోయిందని అమెరికా అంది. అధ్యక్షుడు ఒబామా దాన్ని తిరిగి ఇవ్వమని అడిగామని బహిరంగంగానే చెప్పారు. ఇరాన్ ఇవ్వలేదు. నా అభిప్రాయం అడిగితే, ఇరాన్ చెప్పిన పద్ధతి శాస్త్రపరంగా అసాధ్యం కాదు, కానీ వాళ్లు చెప్పినంత సులువూ కాదు. సైన్యపు జీపీఎస్ సంకేతానికి గూఢలిపి ఉంటుంది, దాన్ని అలా అనుకరించలేరు. ముందు దాన్ని జామ్ చేసి, డ్రోను పౌర సంకేతం వైపు దిగజారేలా చేయాలి. ఆ దిగజారే అలవాటు దానిలో ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఉంటే మాత్రం అది హ్యాకర్ గొప్పతనం కన్నా తయారుచేసినవాడి తప్పు.

దీనికి మందు ఉంది. జడత్వ పరికరంతో తన కదలికను తానే లెక్కగట్టుకుని ఉపగ్రహం చెప్పేదానితో పోల్చుకోవడం, దొంగ సంకేతం ఏ దిక్కు నుంచి వస్తోందో కనిపెట్టి ఆ దిక్కుకు చెవి మూసుకునే యాంటెనాలు పెట్టడం, కింది నేలను కెమెరాతో చూసి పటంతో సరిపోల్చుకోవడం. మన ఇస్రో 'నావిక్' వ్యవస్థలో కూడా పౌర సేవతో పాటు అధీకృత వాడకందార్లకు మాత్రమే గూఢలిపితో కూడిన వేరే సేవ ఉంది. మన సైన్యపు డ్రోన్లన్నీ పరాయి ఉపగ్రహాల మీద ఆధారం తగ్గించుకుని దానికి మారాలన్నది నా కోరిక.

నాలుగోది, పగ్గాలు లాక్కోవడం, సరిగ్గా కట్టిన సైన్యపు డ్రోను విషయంలో చాలా కష్టం. కాబట్టే తెలివైనవాడు ఆకాశం వైపు చూడడు, నేల మీది మనుషుల వైపు చూస్తాడు. 2018లో ఒక హ్యాకర్ రీపర్ డ్రోను నిర్వహణ పుస్తకాలను ఇంటర్నెట్ చీకటి బజారులో 150, 200 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. అతను డ్రోను జోలికే పోలేదు. నెవాడాలోని క్రీచ్ వైమానిక స్థావరానికి చెందిన ఒక కెప్టెన్ కంప్యూటర్లోకి రౌటర్ ద్వారా దూరాడు. రౌటరుకు కంపెనీ వాళ్లు పెట్టిచ్చిన పాస్‌వర్డు ఎవరూ మార్చలేదు. ఆ కెప్టెన్ సైబర్ జాగ్రత్తల మీద శిక్షణ పూర్తిచేసిన ధ్రువపత్రం కూడా అదే కంప్యూటర్లో ఉంది. అదే స్థావరంలో 2011లో డ్రోన్లను నడిపే కంప్యూటర్లకు కీబోర్డు మీద నొక్కే ప్రతి అక్షరాన్నీ రాసుకునే వైరస్ పట్టింది. బయటి డిస్కుల ద్వారా పాకి ఉంటుందని అనుమానించారు. తుడిచినా మళ్లీ మళ్లీ వచ్చిందని అప్పట్లో వార్తలు. తమ్ముడూ, ఇక్కడ ఆగి నీ ఇంట్లోని కార్డు గురించి ఒక్కసారి ఆలోచించు. ఎక్కడిదో తెలియని కార్డును కంప్యూటర్లో పెట్టడం ఎలాంటి పనో.

యంత్రాన్ని చూసి అలాంటిదే తయారుచేయడం గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే అది నెమ్మదిగా సాగే నష్టం. 1944లో తమ నేల మీద దిగిన అమెరికా బి-29 బాంబర్లను విప్పి సోవియట్లు టియు-4 చేశారు. వియత్నాం యుద్ధ కాలంలో కూలిన అమెరికా ఫైర్‌బీ డ్రోన్ల నుంచి చైనా తన సొంత డ్రోను చేసుకుంది. సెంటినెల్ రూపాన్ని ఇరాన్ అనుకరించింది. 2018 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్ కూల్చిన ఇరాన్ డ్రోను ఆ పోలికలోదేనని ఇజ్రాయెల్ వాళ్లే అన్నారు. అయితే ఆకారం చూసి చేసినంత మాత్రాన లోపలి తెలివి రాదు.

చిక్కిన డ్రోను ఇంకో కథ చెబుతుంది, దాని విడిభాగాలు ఎక్కడివో. ఉక్రెయిన్‌లో రష్యా ఓర్లాన్-10 డ్రోనును విప్పితే బజారులో దొరికే కానన్ కెమెరా బయటపడింది. రష్యా వాడే ఇరాన్ నమూనా షాహెద్ డ్రోన్లలో అమెరికా కంపెనీల చిప్పులు కనిపించాయి. ఆ దేశాల మీద పెట్టిన ఆంక్షలు ఎక్కడ కారిపోతున్నాయో దాన్నిబట్టే వెతికారు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్తాన్ పంపిన డ్రోన్ల శకలాలను పరీక్షించి, అవి తుర్కియే తయారీ సొంగర్ డ్రోన్లని మన ప్రభుత్వం ప్రాథమికంగా చెప్పగలిగింది. మనకు చిక్కినవి మనకు ఇంత చెబితే, మనవి చిక్కినప్పుడు వాళ్లకూ అంతే చెబుతాయి.

ఈ లెక్కన, డ్రోను పరాయి చేతిలో పడకముందే పరాయిది కావడం మరీ ప్రమాదం. చైనా విడిభాగాలు ఉన్నాయన్న కారణంతో మన రక్షణ శాఖ 2025 ఫిబ్రవరిలో 400 సరుకు రవాణా డ్రోన్ల ఒప్పందాలను రద్దు చేసింది. వాటి విలువ సుమారు 230 కోట్ల రూపాయలు. అవి చైనా సరిహద్దులోనే వాడటానికి ఉద్దేశించినవి. ఎవరి సరిహద్దులో ఎగరేస్తామో వాళ్ల చిప్పే దానిలో మాట్లాడే పని చేస్తుంటే, దాన్ని హ్యాక్ చేయవలసిన అవసరం వాళ్లకు ఏముంది? రద్దు చేసినందుకు ఆలస్యం జరిగిందని కొందరు బాధపడ్డారు. నేను సంతోషించాను. మా షాపుకు వచ్చే డ్రోన్లలోనూ పైన స్వదేశీ చీటీ అంటించి లోపల మోటారు నుంచి రేడియో దాకా బయటి సరుకే ఉన్నవి చూస్తుంటాను. పొలానికి పరవాలేదు, సరిహద్దుకు పనికిరాదు.

మళ్లీ సముద్రానికి వద్దాం, ఎందుకంటే మన తీరం వాళ్లకు నిజంగా ఎదురయ్యేవి ఇక్కడే ఉన్నాయి. డ్రోన్లంటే ఎగిరేవే కావు. నీళ్లలో నెలల తరబడి మునుగుతూ తేలుతూ పోయేవి ఉన్నాయి. చూడటానికి తోకా రెక్కలూ ఉన్న పొడుగాటి గొట్టంలా ఉంటాయి. 2020 డిసెంబరులో ఇండోనేషియాలోని సెలాయర్ దీవి దగ్గర ఒక జాలరికి అలాంటిది దొరికింది, పొడవు 225 సెంటీమీటర్లు. అక్కడి నౌకాదళం దాన్ని తీసుకుని పరీక్షించింది. 2024 డిసెంబరు 30న ఫిలిప్పీన్స్‌లోని మస్బాతె తీరంలో జాలర్లకు పసుపు రంగుది దొరికితే పోలీసులకు అప్పగించారు. చైనాలో ఇలా విదేశీ పరికరాలను వలలో పట్టి అప్పగించిన మత్స్యకారులకు ప్రభుత్వమే బహుమతులు ఇస్తుంది. 2016 డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లోని సుబిక్ బే సమీప సముద్రంలో అమెరికా నౌక నీళ్లలో వదిలిన డ్రోనును చైనా నౌకాదళం ఎత్తుకుపోయి అయిదు రోజులకు తిరిగి ఇచ్చింది. ఆ అయిదు రోజులు దేనికి సరిపోతాయో పైన చెప్పాను.

ఈ గొట్టాలు కొలిచేవి నీటి వేడి, ఉప్పదనం, లోతు. వినడానికి అమాయకంగా ఉంటుంది. వేడినీ ఉప్పునీ బట్టే నీళ్లలో శబ్దం ఎంత వేగంగా, ఏ వంపుతో పోతుందో తేలుతుంది. అది తెలిస్తే జలాంతర్గామి ఎక్కడ వినిపిస్తుందో, ఏ పొర కింద దాక్కోగలదో తెలుస్తుంది. విశాఖ మన జలాంతర్గాములకు పుట్టిల్లు లాంటిది. అక్కడికి మన ఊళ్లు ఒక పూట ప్రయాణం. కాబట్టి రేపు మన అలివి వలలో పడే గొట్టం మనదే కావచ్చు, పరాయిదీ కావచ్చు. మనదైతే దానిలోని లెక్కలు బయటికి పోకూడదు. పరాయిదైతే దానిలోని లెక్కలు చెక్కుచెదరకుండా మన నౌకాదళానికి చేరాలి. ఏ విధంగా చూసినా మూత విప్పకూడదు.

మీ పెదనాన్నగారికి, తోటి సరంగులకు నా మాటగా చెప్పు. అలాంటిది కనిపిస్తే వలతో లాగవద్దు, తాడు కట్టవద్దు. బోటును దూరంగా నిలిపి జీపీఎస్‌లో ఆ చోటు గుర్తుపెట్టుకుని, సమయం రాసుకుని, తీర భద్రత నంబరు 1093కు గానీ తీర రక్షక దళం నంబరు 1554కు గానీ చెప్పాలి. ఇప్పటికే వలలో చిక్కితే వల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. వల ఖరీదు ఎంతో నాకు తెలుసు, మా ఇంట్లోనూ వల చిరిగిన రోజు అన్నం సహించేది కాదు. అయినా చెబుతున్నాను. ఒడ్డుకు తెచ్చేశాక అయితే జనాన్ని దూరంగా పంపాలి, దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసి వాట్సాప్‌లో పంచకూడదు. ఆ ఫోటోలోని అంకెలు, యాంటెనా ఆకారం, వెనక కనిపించే ఊరు చూసి పోగొట్టుకున్నవాడికి తన వస్తువు ఎక్కడ తేలిందో తెలిసిపోతుంది.

ఇక నీ కార్డు. నువ్వు దాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టిన క్షణం రెండు నష్టాలు జరుగుతాయి. దానిలో పాడు ప్రోగ్రామ్ ఉంటే అది నీ కంప్యూటర్లోకి, అక్కడి నుంచి మీ కాలేజీ నెట్‌వర్క్‌లోకి పోవచ్చు. ఏమీ లేకపోయినా, నీ కంప్యూటర్ తనకు తెలియకుండానే దాని మీద ఏవో చిన్న ఫైళ్లు రాస్తుంది, తేదీలు మారుస్తుంది. పరిశీలించేవారికి ఆ తరువాత ఏది డ్రోను రాసిందో, ఏది నువ్వు రాసిందో వేరుచేయడం కష్టమవుతుంది. ఉప్పునీటిలో తడిసింది కాబట్టి కరెంటు తగిలితే కార్డే కాలిపోనూవచ్చు. తుడవవద్దు, ఎండబెట్టవద్దు. దొరికింది ప్రభుత్వ వస్తువైతే దానిలోని ముక్కను ఇంట్లో ఉంచుకోవడం ఆ కుర్రాడికి రేపు చిక్కు కూడా.

అతన్ని తిట్టకు. కొత్త యంత్రం కనబడితే విప్పాలనిపించే వయసు అది. నేనూ అలా విప్పే నౌకాదళం దాకా వెళ్లాను. పెదనాన్నగారిని వెంటబెట్టుకుని, ఆ కుర్రాణ్ని కూడా తీసుకుని, ఈ సాయంత్రమే కళింగపట్నం మెరైన్ స్టేషనుకు వెళ్లండి. కార్డు ఏ భాగం నుంచి, ఎప్పుడు, ఎలా తీశాడో అతని చేతే చెప్పించు. వాళ్లు రాసుకున్న కాగితం నకలు ఒకటి అడిగి తీసుకో. మీరు వెళ్లి వచ్చాక ఇక్కడే ఒక మాట రాయి, చూస్తూ ఉంటాను.